బదిలీ కార్మికుడి క్లాస్ ఏది?

(రాజపాళయంలో ఒక స్పిన్నింగ్ మిల్లు జీతాల ప్రోగ్రాం చూసుకునే ఆయనకూ, అక్కడి కాలేజీలో జావా చెప్పే ఆయనకూ మధ్య సంవాదం.)

మిల్లు: నెల మొదట్లో మా జావా జీతాల ప్రోగ్రాం రాత్రిపూట మధ్యలో ఆగిపోతే నాకు డిజైన్ గుర్తురాదు తమ్ముడూ. తెర మీద క్లాస్‌కాస్ట్‌ఎక్సెప్షన్ అని పడుతుంది. ఏ క్లాస్ ఆబ్జెక్టును ఏ క్లాస్‌గా తీసుకోబోతే కుదరలేదో, ఏ ఫైల్లో, ఎన్నో లైనులో అన్నీ అదే చెబుతుంది. నేరుగా ఆ లైనుకు పోతా. కాస్ట్ చేసేముందు ఇన్‌స్టాన్స్‌ఆఫ్ పెట్టి, ఇది పర్మనెంట్ కార్మికుడి ఆబ్జెక్టేనా అని అడుగుతా. అవునంటే కాస్ట్ చేస్తా, కాదంటే దాటేస్తా. తొందర ఎందుకంటే జీతానికి తేదీ ఉంది. 2025 దాకా అమల్లో ఉన్న 1936 నాటి వేతనాల చెల్లింపు చట్టం వెయ్యిమంది లోపు పనిచేసే చోట ఏడో తేదీ అని, అంతకు మించిన చోట పదో తేదీ అని గీత గీసింది. మన రాజపాళయంలో స్పిన్నింగ్ మిల్లు గేటు దగ్గర జీతం తేదీ దాటిన పొద్దున ఎలా ఉంటుందో నీకు చెప్పక్కర్లేదు.

కాలేజీ: “కాదంటే దాటేస్తా” అన్నారే, నేను అక్కడే ఆగుతున్నా అన్నా. దాటేసిన ఆ మనిషి సంగతేంటి? ప్రోగ్రాం చివరిదాకా నడిచింది, ఆయన జీతం మాత్రం లెక్కకు రాలేదు. ఎక్సెప్షన్ పడ్డప్పుడు కనీసం మీకు తెలిసింది. ఇప్పుడు ఆ విషయం తెలిసేది ఆయన ఒక్కడికే, అదీ బ్యాంకు మెసేజ్ కోసం ఎదురుచూసి చూసి విసిగాక. మీరు తీసేసింది ఎర్రర్‌ను. తప్పు అక్కడే ఉంది.

మిల్లు: ఎల్స్ భాగం ఖాళీగా వదలకూడదు, ఆ మాట నిజం. నేనూ వదలను. టోకెన్ నంబరుతో సహా లాగ్‌లో రాయిస్తా, ఆ ఒక్కరి లెక్క పొద్దున్నే చేత్తో వేస్తా. మిగతా అందరి జీతం సమయానికి వెళ్తుంది. ఒక్క ఆబ్జెక్టు తేడాగా ఉందని మొత్తం మిల్లును ఆపడం ఏం న్యాయం? ఇల్లు కాలుతున్నప్పుడు బావి తవ్వుదాం అంటావు నువ్వు.

కాలేజీ: ప్రతి నెలా అదే మూల కాలుతుంటే బావి గురించి మాట్లాడకుండా ఎలా? అసలు ఆ కాస్ట్ అక్కడికి ఎందుకొచ్చిందో చూద్దాం. కార్మికుడు అని ఒక పేరెంట్ క్లాస్ ఉంది. పర్మనెంట్, బదిలీ, అప్రెంటిస్ అని దాని కింద చైల్డ్ క్లాసులు ఉన్నాయి. మస్టర్ రోల్ మొత్తం ఒకే లిస్టులో కార్మికుడు రకంగా కూర్చుంది. పిల్ల నుంచి తల్లి వైపు వెళ్లే అప్‌కాస్ట్‌లో ఇబ్బందేం లేదు, అది ఎప్పుడూ చెల్లుతుంది. జీతం లెక్కించే కోడ్‌కు వార్షిక ఇంక్రిమెంట్ కావాలి, అది పర్మనెంట్ క్లాసులోనే ఉంది. అందుకని తల్లి నుంచి పిల్ల వైపు డౌన్‌కాస్ట్ చేశారు. ఈ ఆబ్జెక్టు ఏ రకమో తనకు తెలియదని కంపైలర్ అంటే, నాకు తెలుసు, నా పూచీ అని సంతకం పెట్టారన్నమాట. రన్‌టైమ్‌లో జేవీఎం ఆ సంతకాన్ని సరిచూసి, చెల్లదని తేల్చింది. జీతం లెక్కించడం అనే మెథడ్‌ను పేరెంట్ క్లాసులోనే పెట్టి, ఎవరి లెక్క వాళ్ల క్లాసు చేసుకునేలా రాసి ఉంటే ఆ సంతకం అవసరమే పడేది కాదు.

మిల్లు: అది పాఠం. పాఠాలు నాకూ తెలుసు. మీ క్లాసులో జంతువు అని ఒక క్లాస్, దాని కింద కుక్క, పిల్లి. అరవమంటే కుక్క ఒకలా అరుస్తుంది, పిల్లి ఒకలా. రాజపాళయం కాలేజీలో ఆ ఉదాహరణ చెబితే పిల్లలు నవ్వుకుంటారు కూడా. 2005లో తపాలా బిళ్ల మీదికెక్కిన కుక్క ఉన్న ఊరు కదా మనది. బోర్డు మీద ఆ ఉదాహరణ ఎప్పుడూ తప్పదు. ఎందుకంటే కుక్క ఎన్నేళ్లు బతికినా పిల్లి కాదు. బదిలీ కార్మికుడు అలా కాదే! రింగ్ ఫ్రేమ్ మీద పనిచేసేవాడు సెలవు పెడితే ఆ చోట నిలబడేవాడు బదిలీ. రేపటేడాదికి వాడే పర్మనెంట్ కావచ్చు. జావాలో ఒకసారి పుట్టిన ఆబ్జెక్టు క్లాస్ చచ్చేదాకా మారదు. నువ్వు గీసిన వంశవృక్షంలో వాడిని ఎక్కడ కూర్చోబెడతావు?

కాలేజీ: నా వాదంలో బలహీనమైన చోటు అదే, మీరు సరిగ్గా పట్టుకున్నారు. వారసత్వం పెట్టినవాడు తప్పు చోట పెట్టాడు. పర్మనెంట్ అన్నది మనిషి రకం కాదు, ఆ మనిషికి ఒక కాలంలో ఉన్న హోదా. కార్మికుడి ఆబ్జెక్టు ఒక్కటే ఉండాలి. దాని లోపల హోదా అనే ఇంకో ఆబ్జెక్టు, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా అన్న గడులతో ఉండాలి. హోదా మారితే లోపలి ఆబ్జెక్టు మారుతుంది, మనిషి మారడు. అప్పుడు వాడిని పర్మనెంట్‌గా కాస్ట్ చెయ్యాల్సిన పనే రాదు. నిజానికి మీ ఇన్‌స్టాన్స్‌ఆఫ్ ఎన్నిసార్లు అడిగినా వచ్చేది ఆ ఆబ్జెక్టు ఎప్పుడు, ఎలా పుట్టిందన్న జవాబే. జీతానికి కావలసింది ఈ నెలలో వాడి హోదా ఏమిటన్నది.

మిల్లు: బాగుంది. ఇప్పుడు చట్టం వైపు చూద్దాం. 2025 దాకా అమల్లో ఉన్న 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం, లే-ఆఫ్ పరిహారం చెప్పే 25-సి సెక్షన్‌లో బదిలీ కార్మికుడంటే ఎవరో రాసింది. మస్టర్ రోల్‌లో పేరున్న ఇంకొకరి స్థానంలో పనిచేసేవాడు. ఆ వెంటనే ఇంకో మాట ఉండేది. ఏడాది ఎడతెగని సర్వీసు పూర్తిచేస్తే, ఆ సెక్షన్ వరకు వాడిని బదిలీగా చూడకూడదు. ఏడాది సర్వీసంటే ఏమిటో 25-బి చెప్పింది: పన్నెండు నెలల్లో 240 రోజుల పని. గని లోపల పనిచేసేవాడికైతే 190. సింగరేణిలో కూడా బదిలీ వర్కర్ అనే మాట వాడుకే కదా. అదే మాట, లెక్క వేరు. ఇప్పుడు చెప్పు. 240 రోజులు నిండిన మనిషి లే-ఆఫ్ లెక్కలో బదిలీ కాడు. కంపెనీ పర్మనెంట్ ఆర్డరు ఇవ్వలేదు కాబట్టి ఇంక్రిమెంటు లెక్కలో ఇంకా బదిలీయే. ఒకే రోజు, ఒకే మనిషి. నీ హోదా ఆబ్జెక్టులో ఏం రాస్తావు?

కాలేజీ: రెండూ రాస్తాను. లే-ఆఫ్ హోదా వేరు, వేతన హోదా వేరు. అవి రెండు వేర్వేరు ఇంటర్‌ఫేసులు. ఎవరు ఏ ప్రశ్న అడిగితే ఆ ఇంటర్‌ఫేసు జవాబిస్తుంది.

మిల్లు: బోనసుకు మూడోది. పీఎఫ్‌కు నాలుగోది. హాస్టల్లో ఉండి పనిచేసే అప్రెంటిస్‌కు అయిదోది. నాకు లైను నంబరు కనిపించే కాస్ట్ ఒక్కటి పోయి, దాని చోట చిన్న చిన్న క్లాసుల గుట్ట వచ్చింది. తప్పు ఏ ఫైల్లో ఉందో వెతకడానికే పొద్దు గడుస్తుంది.

(ఈ సంవాదం రాస్తున్నవాడిగా ఒక్క మాట. ఇక్కడ ఇద్దరూ నిజమే చెబుతున్నారు. కాలేజీవారు తప్పు పుట్టిన చోటు గురించి, మిల్లువారు తప్పు దొరికే చోటు గురించి. ఈ రెండు చోట్లూ ఒకటే అయితే ఈ గొడవే ఉండేది కాదు.)

కాలేజీ: దొరకడం సంగతే చూద్దాం. కాస్ట్ తప్పు ఎప్పుడూ అది జరిగిన చోటే దొరుకుతుందని ఎవరన్నారు? బేళ్ల నుంచి తీసిన పత్తి నమూనాను హెచ్‌వీఐ మిషన్‌లో పరీక్షిస్తారు. పోగు పొడవు, బలం, పోగు సన్నదనం చెప్పే మైక్రోనేర్ అన్నీ వస్తాయి. ఆ ఫలితాలు జేసన్ రూపంలో వస్తున్నాయనుకోండి. మీ ప్రోగ్రాం దాన్ని మ్యాప్‌లో పోసుకుని, మైక్రోనేర్‌ను డబుల్‌గా కాస్ట్ చేస్తుంది. 3.8 వస్తే డబుల్, 4.1 వచ్చినా డబుల్. నెలల తరబడి నడుస్తుంది. ఒకరోజు ఒక బేలుకు సరిగ్గా నాలుగు వస్తుంది, పంపినవాడు దశాంశం లేకుండా 4 అని పంపుతాడు. చదివే లైబ్రరీ దాన్ని ఇంటీజర్ చేస్తుంది. ఇంటీజర్‌ను డబుల్‌గా కాస్ట్ చెయ్యడం కుదరదని ఎక్సెప్షన్ వచ్చి పడుతుంది. అక్కడ ఇన్‌స్టాన్స్‌ఆఫ్ డబుల్ అని కాపలా పెడితే ఆ బేలు రిపోర్టు నుంచి మాయమవుతుంది. సరిగ్గా నాలుగు వచ్చిన బేళ్లన్నీ ఒక్కొక్కటే జారిపోతూ ఉంటాయి, నెలాఖరు సగటు తప్పుతుంది, ఎవరికీ తెలియదు.

మిల్లు: ఆ ఒక్క చోట నువ్వు చెప్పే డిజైన్ ఏమీ అక్కర్లేదు. ఇంటీజర్, లాంగ్, డబుల్ అన్నీ నంబర్ అనే క్లాస్ పిల్లలే. డబుల్‌కు బదులు నంబర్‌గా కాస్ట్ చేసి డబుల్‌వాల్యూ అని అడిగితే సరి. ఒక లైను. డేటాబేసులో కౌంట్ అడిగితే ఒకచోట లాంగ్, ఇంకోచోట బిగ్‌ఇంటీజర్ వస్తుంది చూడు, దానికీ ఇదే మందు. కాస్ట్ చెడ్డది కాదు తమ్ముడూ, అక్కర్లేనంత కిందకి దిగడం చెడ్డది. అవసరమైనంత పై మెట్టు మీద నిలబడి అడగాలి.

కాలేజీ: ఇది మాత్రం నా పాఠంలో చేర్చుకుంటా. మందు సరైనదే. కానీ ఆ మందు ఎన్ని చోట్ల వెయ్యాలి? మైక్రోనేర్ వాడే ప్రతి రిపోర్టులోనా? జేసన్ లోపలికొచ్చే ఒక్క గుమ్మం దగ్గరే దాన్ని బేలు అనే క్లాసులోకి మార్చేస్తే, మైక్రోనేర్ డబుల్ అని అక్కడే తేలిపోతుంది. లోపల ఎవరూ మళ్లీ కాస్ట్ చెయ్యరు. బయటి సమాచారానికి టైప్ ఏదో మనకు తెలియదు కాబట్టి కాస్ట్ అక్కడ తప్పదు. అయితే అది ఒక్కసారే, గుమ్మం దగ్గరే.

మిల్లు: గుమ్మం దగ్గర కాస్ట్ తప్పదని ఒప్పుకున్నావు కదా, అది చాలు నాకు. ఇంకో విషయం కూడా తేల్చేద్దాం. మీ పిల్లలు ఇక్కడికి వచ్చేటప్పుడు రెండు పనుల్ని ఒకటే అనుకుని వస్తారు. బ్రాకెట్లో ఇంట్ అని రాస్తే 39.8 కాస్తా 39 అవుతుంది. అది విలువను మార్చడం. ఎక్సెప్షన్ రాదు, రౌండింగ్ ఉండదు, తోక కోసేస్తుందంతే. నూలు కౌంటు సగటు అలా కోస్తే కొనేవాడితో తగాదా తప్పదు. ఒక పౌను నూలులో 840 గజాల చిలపలు ఎన్ని ఉన్నాయన్నదే కదా కౌంటు, అందులో ఆ ఎనిమిది పదోవంతులకు విలువ ఉంది. ఆబ్జెక్టును కాస్ట్ చేసినప్పుడు మాత్రం ఆబ్జెక్టులో వెంట్రుకంత కూడా మారదు. దాన్ని ఏ పేరుతో పిలుస్తామన్నదే మారుతుంది. రాత ఒకటే, పని వేరు. ఒకటి నోరెత్తకుండా తప్పు చేస్తుంది, ఇంకోటి అరిచి ఆగిపోతుంది.

కాలేజీ: అందుకేనేమో సీ ప్లస్‌ప్లస్‌లో స్ట్రౌస్ట్రప్ కాస్ట్‌లను నాలుగు పేర్లుగా విడగొట్టి, పొడుగ్గా, కావాలని అందవికారంగా ఉంచాడు. కళ్లకు గుచ్చుకోవాలని, వెతికితే దొరకాలని. డైనమిక్_కాస్ట్ పాయింటర్ మీద విఫలమైతే నల్ ఇస్తుంది, రిఫరెన్స్ మీద అయితే బ్యాడ్_కాస్ట్ విసురుతుంది. స్టాటిక్_కాస్ట్‌తో కిందికి దిగితే అడిగే దిక్కే లేదు. తప్పయితే ప్రోగ్రాం ఏం చేస్తుందో భాష ఏ హామీ ఇవ్వదు. సీ షార్ప్‌లో ‘యాజ్’ అని రాస్తే తప్పు రకానికి నల్ వస్తుంది, ఆ నల్ ఇంకెక్కడో పేలుతుంది. జావాలోనూ నల్‌ను దేనిగా కాస్ట్ చేసినా కిక్కురుమనదు. అందుకే అంటున్నా, కాస్ట్ తప్పు ఎప్పుడూ కాస్ట్ లైనులోనే దొరుకుతుందన్న ధైర్యం పెట్టుకోవద్దని.

మిల్లు: నీ జెనరిక్స్ మాత్రం ఏం తక్కువ తిన్నాయి? 2004లో జావా 5 వచ్చేదాకా లిస్టులో ఏది వేసినా ఆబ్జెక్ట్‌గానే ఉండేది, తీసిన ప్రతిసారీ కాస్ట్ రాయాలి. జెనరిక్స్ వచ్చాక కార్మికుల లిస్టు అని రాస్తే చాలు, కాస్ట్ పోయిందని మీరంతా పండగ చేసుకున్నారు. పోయిందా, కనపడకుండా దాక్కుందా? పాత కోడూ కొత్త కోడూ కలిసి నడవాలని కంపైలర్ ఆ టైప్ వివరాలు చెరిపేస్తుంది. బైట్‌కోడ్ తెరిచి చూస్తే, వస్తువు తీసుకునే చోట తనంతట తానే చెక్‌కాస్ట్ చొప్పించి ఉంటుంది. పాత కోడ్ ఏదైనా టైప్ చెప్పని లిస్టు గుండా ఒక స్ట్రింగ్‌ను అందులోకి తోసిందనుకో. ఎక్సెప్షన్ నెలల తర్వాత, కాస్ట్ అన్న మాటే లేని లైనులో పడుతుంది. కొత్తగా చేరిన పిల్లాడు ఆ లైను చూసి, ఇక్కడ కాస్టే లేదు కదా సార్ అంటాడు. వాడికి ఏం చెప్పమంటావు?

కాలేజీ: కంపైల్ చేసినప్పుడు అన్‌చెక్డ్ అని హెచ్చరిక వచ్చి ఉంటుంది, దాన్ని సప్రెస్‌వార్నింగ్స్ రాసి ఎవరు నోరు మూయించారో చూడమని చెప్పండి. ఆ సప్రెస్‌వార్నింగ్స్ తీసేసి, ఎక్స్‌లింట్ పెట్టి కంపైల్ చేస్తే ఆ చోట్లన్నీ వరసగా బయటపడతాయి. దొంగ ఎవరో అప్పటికీ తెలియకపోతే, ఆ లిస్టును కలెక్షన్స్‌లో ఉన్న చెక్డ్‌లిస్ట్‌తో చుట్టండి. తప్పుడు వస్తువు తీసేటప్పుడు కాదు, వేసేటప్పుడే ఎక్సెప్షన్ పడుతుంది. అదీ జావా 5 నుంచీ ఉంది, వాడేవాళ్లే తక్కువ. చెరిపేయడం వల్ల ఇబ్బందులు లేవని నేననను. జేసన్ నుంచి బేళ్ల లిస్టు చదవమంటే లైబ్రరీ లింక్డ్‌హ్యాష్‌మ్యాప్‌ల లిస్టు చేతిలో పెట్టడం, మొదటి బేలును తాకగానే కాస్ట్ విరగడం దాని పుణ్యమే. టైప్‌రిఫరెన్స్ ఇచ్చి అడగాలి, లేకపోతే అది మాత్రం ఎలా ఊహిస్తుంది?

మిల్లు: ఇన్ని చెప్పావు. కార్మికుడిని కార్మికుడిగా కాస్ట్ చెయ్యడం కుదరదు అన్న ఎర్రర్ చూశావా ఎప్పుడైనా? రెండు వైపులా అదే పేరు, అక్షరం తేడా లేదు. సర్వర్‌లో రెండు అప్లికేషన్లు, రెండింటిలోనూ అదే జార్ ఫైలు. ఒక్కోదాన్ని ఒక్కో క్లాస్‌లోడర్ ఎక్కించింది. జేవీఎం కళ్లకు క్లాస్ అంటే పేరొక్కటే కాదు, పేరూ లోడరూ కలిసి. నీ పాలిమార్ఫిజం ఇక్కడ ఏం చేస్తుంది?

కాలేజీ: ఏమీ చెయ్యదు. మీ ఇన్‌స్టాన్స్‌ఆఫ్ కూడా ఏమీ చెయ్యదు. అది కాదు అంటుంది, మీ కోడ్ దాటేస్తుంది. మీ లెక్క ప్రకారం అక్కడ ఎర్రర్ పోయింది, జీతాలు కూడా పోయాయి. అక్కడ సరిచెయ్యాల్సింది కోడ్ కాదు. ఆ జార్‌ను ఒకే చోట ఉంచి అందరూ అక్కణ్నుంచే తీసుకునేలా ప్యాకేజింగ్ మార్చాలి. కొత్త జావాల్లో ఏ లోడరో కూడా ఎర్రర్ సందేశంలోనే రాస్తున్నారు, చివరిదాకా చదివే ఓపిక ఉండాలి.

మిల్లు: ఓపిక మాట ఎత్తకు, నాకు కోపం వస్తుంది. సరే, నా బలమైన మాట ఇప్పుడు చెబుతా. ఎవరి లెక్క వాళ్ల క్లాసే చెయ్యాలన్నావు. బాగుంది. కొత్త రకం కార్మికుడొస్తే కొత్త క్లాస్ ఒకటి రాస్తే చాలు, పాత వాటి జోలికి పోనక్కర్లేదు. మరి కొత్త లెక్క వస్తే? 1965 నాటి బోనస్ చట్టం ఏడాదిలో ముప్ఫై రోజులు పనిచేసినవాడికి అర్హత ఇచ్చింది. తక్కువలో తక్కువ 8.33 శాతం, ఎక్కువంటే 20. దీపావళికి ముందు ఇవ్వడం ఆనవాయితీ. మరుసటేడు యాజమాన్యం ఇంకో రిపోర్టు అడుగుతుంది. ఆ పైయేడు యూనియన్ ఇంకోటి. ప్రతి కొత్త లెక్కకూ నువ్వు క్లాసులన్నీ తెరిచి ఒక్కో మెథడ్ చేర్చాలి. నా పద్ధతిలో బోనస్ అని ఒక ఫైలు. అందులో పర్మనెంట్ అయితే ఇది, బదిలీ అయితే ఇది, అప్రెంటిస్ అయితే ఇది. లెక్క మొత్తం ఒకే పేజీలో కనపడుతుంది. ఆడిటర్ వస్తే ఆ పేజీ చూపిస్తా. నీ డిజైన్‌లో ఆయనకు ఎన్ని ఫైళ్లు చూపిస్తావు?

కాలేజీ: ఈ పేచీ మనిద్దరిదే కాదు. దీనికి ఫిలిప్ వాడ్లర్ 1998లో ఎక్స్‌ప్రెషన్ ప్రాబ్లమ్ అని పేరు పెట్టాడు. రకాలు పెంచడం సులువైతే పనులు పెంచడం కష్టం, పనులు సులువైతే రకాలు కష్టం. పాత కోడ్ ముట్టకుండా, టైప్ భద్రత పోగొట్టుకోకుండా రెండూ ఎలా అన్నదే ప్రశ్న. మీ మిల్లులో ఏది ఎక్కువ మారుతుందన్నది మీకే తెలుసు. కార్మికుల రకాలు చట్టంతో మారతాయి, అంటే ఎప్పుడో ఒకసారి. లెక్కలు యేటా మారతాయి. ఆ కోణంలో మీ ఒక్క పేజీ పద్ధతికే బలం ఉందని ఒప్పుకోక తప్పదు. జావా కూడా ఆ దారికే కొంత వచ్చింది. 2021లో జావా 16 నుంచి ఇన్‌స్టాన్స్‌ఆఫ్ అడుగుతూనే పేరు పెట్టుకోవచ్చు, అడిగిన రకం ఒకటి, కాస్ట్ చేసిన రకం ఇంకొకటి అయ్యే పొరపాటే ఉండదు. అదే ఏడు జావా 17లో సీల్డ్ క్లాసులు వచ్చాయి. కార్మికుడికి ఈ పిల్లలే, ఇంకెవరూ లేరని గిరి గీయవచ్చు. 2023లో జావా 21 ఆ గిరి మీద స్విచ్ రాయనిచ్చింది. ఒక రకాన్ని మరిచిపోతే కంపైలే కాదు.

మిల్లు: చూశావా! ఇన్నాళ్లూ ఇన్‌స్టాన్స్‌ఆఫ్ మెట్లు చూస్తే ముక్కు మూసుకున్నవాళ్లే ఇప్పుడు దానికి పట్టుబట్ట కట్టి పెళ్లిపీట మీద కూర్చోబెట్టారు.

కాలేజీ: మీ మెట్లకూ దానికీ ఒక్క తేడా ఉంది, అదే అసలు తేడా. మీ మెట్ల అడుగున ఎల్స్ ఉంది. కొత్త రకం పుడితే చప్పుడు లేకుండా అందులో పడుతుంది. సీల్డ్ స్విచ్‌లో డీఫాల్ట్ రాయకుండా వదిలితే, కొత్త రకం పుట్టిన పూటే అది వాడే ప్రతి పేజీలోనూ కంపైలర్ ఆపుతుంది. డీఫాల్ట్ అని ఒక్క లైను రాశారా, ఆ ఉపకారం అంతా పోయినట్టే. దాటెయ్యడం అలవాటైన చేతికి డీఫాల్ట్ రాయకుండా ఉండటం చాలా కష్టం అన్నా.

మిల్లు: ఆ దెప్పుడు సరే. మాది జావా 8. హాజరు మిషన్‌తో వచ్చిన లైబ్రరీ ఆ పైన నడవదు, ఆ మిషన్ అమ్మినవాళ్లు ఇప్పుడు ఫోన్ ఎత్తరు. ఈ ఊళ్లో 1936 నుంచి మిల్లు ఉంది, ఈ ఊరి రామ్‌కో కుటుంబమే చెన్నైలో ఈఆర్పీ సాఫ్ట్‌వేర్ చేసి దేశాలకు అమ్ముతోంది, అదంతా నిజమే. మాలాంటి చిన్న మిల్లులో ఒక్కడు రాసిన ప్రోగ్రాంను ఇంకొక్కడు మోస్తున్నాడు. సీల్డ్ క్లాసులు నాకు వచ్చేసరికి నేను రిటైరవుతా.

కాలేజీ: జావా 8లో విజిటర్ ఉంది. 1994 నాటి డిజైన్ ప్యాటర్న్స్ పుస్తకంలోదే. ఒక్కో లెక్కకు ఒక్కో విజిటర్, అందులో ప్రతి రకానికీ ఒక మెథడ్. ఇంటర్‌ఫేసులో కొత్త రకం చేరిస్తే పాత విజిటర్లేవీ కంపైల్ కావు. సీల్డ్ స్విచ్ చేసే పని చాలావరకు అదే చేస్తుంది, మీ ఒక్క పేజీ కూడా మీకు మిగులుతుంది. కాస్ట్ ఒక్కటీ ఉండదు.

మిల్లు: ఆ విజిటర్‌ను నా తర్వాత వచ్చేవాడు చదవగలడా? యాక్సెప్ట్ అంటే ఏమిటి, అది విజిట్‌ను ఎందుకు పిలుస్తుంది, ఎవరు ఎవరిని పిలుస్తున్నారు అని తల పట్టుకుంటాడు. నా ఇన్‌స్టాన్స్‌ఆఫ్ మెట్లు పదో తరగతి చదివినవాడికి కూడా అర్థమవుతాయి. అర్థమయ్యే కోడ్‌లోనే తప్పు దిద్దగలం.

కాలేజీ: ఆ మెట్లు ఎన్ని ఫైళ్లలో ఉన్నాయో అతనికి ఎవరు చెబుతారు? ఒక పేజీ అర్థమవుతుంది అన్నా, నిజమే. అలాంటి పేజీలు ఇంకెన్ని ఉన్నాయో ఏ పేజీలోనూ రాసి ఉండదు. ఒకచోట దిద్దితే ఇంకోచోట మిగిలిపోతుంది. ఈక్వల్స్ రాసేటప్పుడు కాస్ట్ చెయ్యక తప్పదు, జావా మనల్ని అలా కట్టేసింది, అక్కడ నాకు పేచీ లేదు. గుమ్మం దగ్గర తప్పదు, ఒప్పుకున్నా. ఇంటి మధ్యలో, జీతం లెక్కలో మాత్రం ఒప్పుకోను.

మిల్లు: ఒప్పుకోవద్దు. ఒక పని చేద్దాం. ఈ ఏడు బోనస్ లెక్క నీ పద్ధతిలో రాయి. విజిటర్ అంటావో, హోదా ఆబ్జెక్టు అంటావో నీ ఇష్టం. జీతాల లెక్క నా మెట్ల మీదే నడుస్తుంది. ఎల్స్‌లో దాటెయ్యడం మానేస్తా, టోకెన్ నంబరు చెప్పి ఆ మనిషి దగ్గర గట్టిగా ఆగేలా మారుస్తా. అయితే 240 రోజులు నిండీ పర్మనెంట్ ఆర్డరు రాని వాళ్లున్నారు చూడు, వాళ్లతో మొదలుపెట్టు. సులువైన వాళ్లతో కాదు.

కాలేజీ: వాళ్లతోనే మొదలుపెడతా. మస్టర్ రోల్‌లో ఒక్కొక్కరికి ఏ తేదీ నుంచి ఏ హోదా అన్నది ఎక్కడైనా రాసి ఉందా?

మిల్లు: తేదీలా? ఆఖరుసారి మారిన హోదా ఒక్కటే ఉంటుంది తమ్ముడూ. పాతది చెరిపేసి దాని మీదే కొత్తది రాస్తాం.

కాలేజీ: అయితే కోడ్ తర్వాత చూద్దాం. ముందు ఆ టేబుల్ మార్చాలి.

మిల్లు: టేబుల్ మారిస్తే నా రిపోర్టులన్నీ పడిపోతాయి. ఆ ముక్క మొదట్లోనే చెప్పి ఉంటే ఇంతసేపు మాట్లాడేవాణ్నే కాదు.